మాస్టారి పదిహేనో మాట

మాస్టారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున నేను డ్యూటీకి బయల్దేరబోతూ కారు తాళాలు వెతుక్కుంటుంటే వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. ఉప్మాలో ఉప్పు తక్కువైందన్నారట. ఉప్పు కలిపించుకుని, ఇంకో గరిటె పెట్టించుకుని తిన్నారట. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, కింద పార్కింగ్ లాట్‌లో మంచు ఎత్తేవాళ్ళకి అటు కాదు ఇటు అన్నట్టు చెయ్యి ఊపుతున్నారట. ఆమె కాఫీ తెచ్చేలోపల అంతా అయిపోయింది. "చివరి మాటేంటని అందరూ అడుగుతున్నారే. ఉప్పు అని చెప్పనా?" అంది. ఏడుస్తూనే ఇద్దరం నవ్వాం. అలా నవ్వినందుకు మాస్టారు మమ్మల్ని ఏమీ అనుకోరని మా ఇద్దరికీ తెలుసు.

ఆయన మాకు చుట్టం కాదు. వాళ్ళమ్మాయీ నేనూ ఒకే హాస్పిటల్లో నర్సులం. న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో వాళ్ళ అపార్ట్‌మెంట్‌కీ మా అపార్ట్‌మెంట్‌కీ మధ్య ఆ పార్కింగ్ లాట్ ఒక్కటే అడ్డం. గుంటూరు దగ్గర ఒక మిషన్ హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయాక, పందొమ్మిదివందల ఎనభైల మొదట్లో, ఆరు నెలలు ఉండి వెళ్దామని కూతురి దగ్గరికి వచ్చి ఉండిపోయారు. ఎందుకు వెళ్ళలేదని ఎవరైనా అడిగితే ఇక్కడ సిలబస్ ఇంకా పూర్తి కాలేదనేవారు. మేమందరం ఆయన్ని మాస్టారూ అనే పిలిచాం. అది విని విని, ఉత్తరాలు తెచ్చే అమెరికా ఆయన కూడా అదే పేరనుకుని రోజూ "గుడ్ మార్నింగ్, మాస్టారు" అనేవాడు. మాస్టారు ఎన్నడూ దిద్దలేదు.

వచ్చేటప్పుడు సూట్‌కేసులో పచ్చళ్ళతో పాటు ఒక పెట్టెడు సుద్దముక్కలు తెచ్చుకున్నారు. ఏర్‌పోర్టులో పచ్చడిని వదిలేసి ఆ తెల్లపొడి ఏమిటని నిలదీశారట. మాస్టారు ఒక సుద్దముక్క తీసి అక్కడి స్టీలు కౌంటర్ మీద యూరప్ మ్యాప్ గీయబోతే, అది పడలేదు గానీ ఆఫీసర్ నవ్వి పంపించేశాడట. స్వెటర్ మీద టై, టై మీద మఫ్లర్, నెత్తిన మంకీ క్యాప్, చొక్కా జేబులో సుద్దముక్క. ఈ వేషంతో ప్లెయిన్స్‌బరో అంతా తిరిగేవారు. ఆయన బట్టలు లాండ్రీ రూమ్‌లో వేశాక మా బట్టలకి కూడా తెల్లమరకలు అంటేవి.

ఆదివారం ఆదివారం ఒక్కో చర్చికి వెళ్ళేవారు. ఇక్కడ నాలుగు రోడ్లు కలిసేచోట నాలుగు చర్చీలుంటాయి కదా, ఒకదాంట్లో ఉన్నవాళ్ళు పక్కదాంట్లోకి ఎప్పుడూ తొంగిచూసి ఉండరు. మాస్టారు మాత్రం తాను పుట్టుకతో లూథరన్ అయివుండి కూడా ఏదీ వదల్లేదు. అల్లుడు దింపితే దిగి, ఆరాధనలో కూర్చుని, తర్వాత వాళ్ళు పెట్టే కాఫీ తాగి వచ్చేవారు. ప్రసంగం సంగతి అడిగితే పొడిపొడిగా చెప్పేవారు. కాఫీ సంగతి మాత్రం వివరంగా చెప్పేవారు. కాఫీ మెథడిస్టులదట, డోనట్లు కేథలిక్కులవట. మనవాళ్ళది, అంటే లూథరన్లది, సిద్ధాంతం గట్టిగా ఉంటుందట గానీ డికాక్షన్ పల్చనట.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మాస్టారు లేకపోతే ఇవాళ మా ఊళ్ళో తెలుగు ప్రార్థన కూడిక ఉండేది కాదు. మా ఇంట్లో కూడా మాటలుండేవి కావేమో.

మా వైపు వాళ్ళకి ఇది తెలిసిన విషయమే, తెలియని వాళ్ళ కోసం చెప్తాను. కోస్తాలో మిషనరీలు వచ్చినప్పుడు జిల్లాలు పంచుకున్నారు. గుంటూరు వైపు లూథరన్లు, ఒంగోలు వైపు బాప్టిస్టులు. లూథరన్లు పసిపిల్లలకి నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. బాప్టిస్టులు, మనిషి ఎదిగి తానే నమ్ముతున్నానని చెప్పాక నీళ్ళలో ముంచి ఇస్తారు. ఎవరి జిల్లాలో వాళ్ళున్నంతకాలం గొడవ లేదు. నేను గుంటూరు పిల్లని, మా ఆయన ఒంగోలు. పెళ్ళి నాడు ఈ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. న్యూజెర్సీలో మాకు ఆడపిల్ల పుట్టాక అందరికీ గుర్తొచ్చింది.

మా కూడిక అంటే పది పన్నెండు కుటుంబాలు. నెలకో శనివారం ఎవరో ఒకరి అపార్ట్‌మెంట్‌లో చేరి, చెప్పులు గుమ్మం బయట కుప్పపోసి, తెలుగులో పాడుకుని, తెలుగులో ప్రార్థన చేసుకుని, తెలుగువంట తినేవాళ్ళం. మిగతా నెలంతా ఇంగ్లీషే. ఆ రెండు గంటల కోసం నేను డ్యూటీలు మార్చుకునేదాన్ని. ఆ కూడికలో సగం మంది గుంటూరు, సగం మంది ఒంగోలు, నెల్లూరు. పిల్లకి బాప్తిస్మం ఎప్పుడని ఒక అంకుల్ అడిగారు. మా ఆయన నీళ్ళు నమిలారు. అంతే. పసిపిల్లకి చిలకరిస్తే తాము వేరే చోట కూడుకుంటామని ఒంగోలు వాళ్ళన్నారు. చిలకరించకుండా పెంచితే అది చూస్తూ ఒక్క గదిలో కూర్చోలేమని గుంటూరు వాళ్ళన్నారు. మా అమ్మ గుంటూరు నుంచి ట్రంక్ కాల్ చేసి, నీళ్ళు పడకుండా పిల్లని ఎన్నాళ్ళుంచుతావని ఏడ్చింది. పురిటికి సాయంగా ఒంగోలు నుంచి వచ్చిన మా అత్తయ్య ఏడవలేదు. పిల్లకి నీళ్ళు చల్లే రోజున తాను విమానం ఎక్కి వెళ్ళిపోతానని ఉల్లిపాయలు తరుగుతూ మామూలుగా చెప్పింది. ఆవిడ మామూలుగా చెప్పిందంటే జరిగి తీరుతుందని మా ఆయన బాల్యానుభవం.

అప్పుడు మాస్టారు క్లాసు పెట్టారు.

క్లాసు మా ఇంట్లోనే, మా భోజనాల బల్ల మీద. ఆ బల్ల కొన్నది కూడా ఆయనే అనాలి. గరాజ్ సేల్‌లో చూసి, పాలిష్ పోయిందని మేం వద్దంటుంటే చేత్తో నిమిరి, సుద్దముక్క తీసి ఒక గీత గీశారు. గీత చక్కగా పడింది. "ఇది బల్ల కాదమ్మాయ్, బ్లాక్‌బోర్డు. తీసుకో" అన్నారు. కారు టాప్‌కి తాళ్ళతో కట్టి తెచ్చాం. ఇంటికొచ్చేదాకా మాస్టారు కిటికీలోంచి చెయ్యి పైకి పెట్టి దాని కాలు పట్టుకునే కూర్చున్నారు.

వరసగా కొన్ని శనివారాలు మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ ఆ బల్ల చుట్టూ చేరేవారు. మాస్టారు యూరప్‌లో మతసంస్కరణ కథ చెప్పేవారు. ఆయన పాఠంలో పెద్దపెద్ద పేర్లు ఉండేవి కావు. అంతా ఒక ఉమ్మడి కుటుంబం పంపకాల్లాగా చెప్పేవారు. రోములో అమ్మగారిల్లు. ఆ ఇంట్లో లెక్కలు బాగాలేవని మొదట గట్టిగా అన్నవాడు పెద్దబ్బాయి, జర్మనీ సన్యాసి. వాణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. రెండోవాడు స్విట్జర్లాండు పాదిరి, అన్నయ్య చేసిన మరమ్మతు చాల్లేదని గోడలతో సహా కడగడం మొదలెట్టాడు. ఇంగ్లండు ఆయన గోడమీద ఎక్కి కూర్చుని రెండిళ్ళ కూరలూ రుచి చూశాడు. ఇది విని, ఆ ఇంగ్లండు ఇంటి వారసుల చర్చికి చెందిన మా సి.ఎస్.ఐ. అంకుల్ ముందు మొహం మాడ్చుకుని, తర్వాత అందరికంటే గట్టిగా నవ్వారు.

మూడోవాడి కథ చెప్పిన రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. పసితనంలో ఇచ్చిన బాప్తిస్మం లెక్కలోకి రాదు, మనిషి తెలిసి నమ్మాకే నీళ్ళు అన్నవాళ్ళు ఈ మూడో ఇంటివాళ్ళు. వీళ్ళని అమ్మగారింటివాళ్ళు కొట్టారు, అన్నలిద్దరి ఇళ్ళవాళ్ళూ కొట్టారు. స్విట్జర్లాండులో, నీళ్ళే కదా కావాలన్నావని ఒకణ్ణి కాళ్ళూ చేతులూ కట్టి నదిలో వేశారు. వాళ్ళమ్మ ఒడ్డున నిలబడి, నమ్మకం వదలొద్దని కొడుక్కి వినపడేలా అరిచిందట. మా అత్తయ్య అప్పటిదాకా సోఫాలో వెనక్కి కూర్చుని క్లాసు తనకి సంబంధం లేనట్టు చిక్కుళ్ళు ఒలుచుకుంటోంది. లేచి వచ్చి బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. "వాళ్ళు మావాళ్ళు" అంది.

ఆ తర్వాతి వారం పదిహేనో మాట వచ్చింది. పెద్దబ్బాయినీ రెండోవాణ్ణీ కలపాలని ఒక జమీందారు తన కోటకి పిలిపించాడు. ఇద్దరూ పండితులు. రోజుల తరబడి మాట్లాడుకున్నారు. పదిహేను విషయాలు రాసుకుంటే పద్నాలుగింటి మీద కలిసిపోయారు. పదిహేనోది ప్రభువు బల్ల. రొట్టె విరిచినప్పుడు అందులో ప్రభువు శరీరం నిజంగా ఉందా, లేక అది ఆయన్ని తలుచుకోవడానికా అన్న తేడా. పెద్దబ్బాయి మొదటిరోజే, ఇది నా శరీరం అని రొట్టె గురించి ప్రభువు అన్న వాక్యాన్ని బల్ల మీద సుద్దతో రాసి, పైన గుడ్డ పరిచి కూర్చున్నాడు. వాదం ముదిరాక గుడ్డ తీసి చూపించాడు. మాస్టారు ఇది చెప్తూ తానూ ఆ వాక్యాన్ని మా బల్ల మీద రాసి, నా టేబుల్ క్లాత్ పరిచి, ఒక్కసారి లాగి చూపించారు. మా చట్నీ గిన్నె కింద పడింది. చివరికి రెండోవాడు కళ్ళనీళ్ళతో చెయ్యి చాపితే పెద్దబ్బాయి చెయ్యి కలపలేదట. మాస్టారు తన లూథరన్ పెద్దబ్బాయిని ఏ రోజూ వెనకేసుకు రాలేదు గానీ, ఈ ముక్క చెప్పేటప్పుడు ఆయన మొహం చిన్నబోయింది.

"ఆ గొడవ ఓడెక్కి అమెరికా వచ్చింది. ఇక్కణ్ణుంచి ఓడెక్కి గుంటూరు, ఒంగోలు వచ్చింది. ఇప్పుడు విమానం ఎక్కి న్యూజెర్సీ వచ్చింది. ఈసారి టికెట్ మాత్రం మనం కొన్నాం" అన్నారు.

పాఠం అయిపోయింది, ఇక తీర్పు చెప్తారని అందరూ ఎదురుచూశాం. మాస్టారు తీర్పు చెప్పలేదు, డిబేట్ పెట్టారు. ఆయన స్కూల్లో డిబేట్‌కి ఒకటే రూలట. నీ పక్షం నువ్వు మాట్లాడకూడదు. ఎదుటివాడి పక్షం మాట్లాడాలి, అదీ వాడు ఔను నా మాట ఇదే అని తల ఊపేదాకా. "ముందు తల ఊపించుకో, తర్వాత తగువు పెట్టుకో" అనేవారు. ఎంతమంది విద్యార్థులు ఈ రూలుతో తగువు మరిచిపోయి ఇంటికెళ్ళారో ఆయనకే తెలియాలి. గుంటూరు తరఫున నన్ను లేపి బాప్టిస్టు వాదం చెప్పమన్నారు. ఒంగోలు తరఫున మా అత్తయ్యని లేపి పసిపిల్లల బాప్తిస్మం వాదం చెప్పమన్నారు. అత్తయ్య ససేమిరా అంది. భయమా చెల్లెమ్మా అని మాస్టారు అడిగారు. ఆ మాటకి లేచింది.

ముందు నేను మాట్లాడాను. నా బాప్తిస్మం గురించి నాకు తెలిసిందల్లా ఒక ఫొటో అన్నాను. మా ఆయనకి తనది ఇప్పటికీ గుర్తు. గుండ్లకమ్మ ఏట్లో నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో, పైకి లేచినప్పుడు చెవుల్లో ఎలా గుయ్యిమందో, ఒడ్డున వాళ్ళమ్మ తువ్వాలు పట్టుకుని ఎలా నిలబడిందో ఎన్నిసార్లు చెప్పారో. అలా చెప్పుకోవడానికి మా పిల్లకి కూడా ఒక రోజు ఉంటే బాగుండదా అన్నాను. అంటుంటేనే నిజంగా బాగుంటుందనిపించింది. ఒంగోలు వాళ్ళందరూ తలలు ఊపారు. మా గుంటూరు వాళ్ళు నన్ను అదోలా చూశారు.

అత్తయ్య చీర కొంగు బిగించి నిలబడింది. బజార్లో చేపలు బేరమాడినట్టు మొదలుపెట్టింది.

"పిల్ల ఆకలని ఏడిస్తే ఏం చేస్తాం? పాలంటే ఏందో దానికి అర్థం అయిందాకా ఆగుతామా? నోట్లో పెడతాం. తాగింతర్వాత పెద్దయి తెలుసుకుంటది అది పాలని, పట్టింది అమ్మని. దేవుడి కృప మాత్రం పిల్లకి తెలివొచ్చిందాకా గుమ్మం బయట కూర్చోవాలా?"

గుంటూరు వాళ్ళ తలలు ఊగడం కాదు, ఒక ఆంటీ చప్పట్లు కొట్టింది. ఇంత బాగా మా చర్చి అయ్యగార్లు కూడా చెప్పలేదని ఎవరో అన్నారు. మాస్టారు నవ్వుతూ ఇక కూర్చోమన్నారు. అత్తయ్య కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడింది. కాసేపటికి గొంతు తగ్గించి, ఎవరివంకా చూడకుండా మాట్లాడింది.

"నా మొదటి కాన్పు ఆడపిల్ల. వారం తిరక్కుండానే పోయింది. పక్కింట్లో మీ లూథరన్‌వాళ్ళే ఉండేవాళ్ళు. నీళ్ళు చల్లించకపోతివే, ఎటు పోయిందో ఏమో అన్నారు. మా అయ్యగారొచ్చి, నీళ్ళతో పని లేదమ్మా, పిల్ల ప్రభువు దగ్గరే ఉందన్నారు. ఆ మాట పట్టుకునే ఇంతకాలం బతికా అన్నయ్యగారూ. ఇప్పుడు ఈ పిల్లకి నీళ్ళు పడి తీరాల్సిందే అంటే, మరి ఆ పిల్ల సంగతేంది?"

తనకి ముందు ఒక అక్క పుట్టిందని మా ఆయనకి ఆ రోజుదాకా తెలీదు. నాకు మా అత్తయ్య మీద అప్పటిదాకా ఉన్న కోపం ఏమైందో, ఎటుపోయిందో నాకే తెలియలేదు. విమానం ఎక్కిపోతానని ఆవిడ అన్నది మా పిల్ల మీద పంతంతో కాదు, ఆ పిల్లని ఒంటరిగా వదిలేయలేక.

పేరు పెట్టుకున్నారా చెల్లెమ్మా అని మాస్టారు అడిగారు. పేరు పెట్టే లోపలే పోయిందట. మనసులో మాత్రం సలోమి అని పిలుచుకునేదట. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారట.

మాస్టారు జేబురుమాలు తీసి, బల్ల మీద ముందువారం రాసిన వాక్యం తాలూకు మరకలన్నీ శుభ్రంగా తుడిచారు. సుద్దముక్క తీసి, ఒకటో తరగతి పిల్లలకి రాసినట్టు గుండ్రంగా, పెద్దగా సలోమి అని రాశారు. పైన గుడ్డ పరిచి, ముడతలు లేకుండా చేత్తో సవరించారు. "ఇది పదిహేనోది. ఇది మనవల్ల తేలేది కాదు. టీలు పెట్టండమ్మా" అన్నారు. ఆ సాయంత్రం గుంటూరు, ఒంగోలు, నెల్లూరు అందరూ ఆ గుడ్డ మీదే టీ తాగారు, పకోడీలు తిన్నారు. అత్తయ్య ఆ పేరు ఉన్నచోటే తన కప్పు పెట్టుకుంది.

కథ ఇక్కడితో సుఖాంతం అయిందనుకుంటే మీరు మా ఇంటి ఆడవాళ్ళని చూడలేదన్నమాట. మర్నాడు పొద్దునే అత్తయ్య, పిల్లకి నీళ్ళు చల్లించేయండి, మీ అమ్మ బాధపడుతోంది, నాకిప్పుడు బెంగలేదు అంది. వద్దత్తయ్యా, పెద్దయ్యాక అదే తీసుకుంటుంది అన్నాను నేను. ఆవిడ పాల వాదం మళ్ళీ ఎత్తుకుంది. నేను గుండ్లకమ్మ ఎత్తుకున్నాను. ఇద్దరి గొంతులూ పెరిగాయి. మా ఆయన చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పార్కింగ్ లాట్ దాటి వెళ్ళి మాస్టారిని పిలుచుకొచ్చారు. మాస్టారు చేతిలో సగం కొరికిన డోనట్‌తో వచ్చి, ఇద్దరి వాదం విని, కుర్చీలో కూలబడి నవ్వారు. ఓడిపోవడానికి ఇద్దరూ పోటీపడే డిబేట్ తన సర్వీసులో చూడలేదన్నారు. తీర్పు అడిగితే మాత్రం ఇవ్వలేదు. "మీలో ఆగగలిగినవాళ్ళెవరో చూసుకోండి. వాళ్ళు ఆగండి. నీళ్ళు ఎక్కడికీ పోవమ్మాయ్" అని డోనట్ పూర్తిచేసి వెళ్ళిపోయారు.

ఆలోచించుకుంటే ఆగగలిగింది నేనే. నాకు పోయేది లేదు. అత్తయ్య ఇరవై మాటలు చెప్పినా, ఆవిడ కళ్ళెదురుగా ఆ నీళ్ళు పడే క్షణంలో ఆవిడ గుండె ఎటు పోతుందో నాకు తెలుసు. నేను ఆగాను. మా అమ్మని ఒప్పించే పని మాస్టారు తీసుకున్నారు. ఫోన్లో ఆమెకి కూడా తన రూలు చెప్పబోతే, ఫోన్లో తల ఊపితే కనపడదు కదా మాస్టారూ అందట మా అమ్మ. నేను ఫోన్ లాక్కుని సలోమి సంగతి చెప్పాను. ఆ తర్వాత అమ్మ, గుంటూరు నుంచి వస్తున్న ఒక నర్సు చేతికి, నాకూ మా అన్నలకీ బాప్తిస్మంలో వేసిన తెల్లగౌను ఇచ్చి పంపింది. ఆ గౌను వేసి, బాప్టిస్టుల పద్ధతిలో నీళ్ళు లేకుండా, ఒక్క ప్రార్థనతో పిల్లని దేవుడికి ప్రతిష్ఠ చేశాం. ఎత్తుకున్నది మా అత్తయ్య. గౌను పెద్దబ్బాయి ఇంటిది, ప్రార్థన మూడోవాడి ఇంటిది, పిల్ల మాత్రం న్యూజెర్సీది అన్నారు మాస్టారు. మా ఆయన పిల్లకి సలోమి అని పెడదామా అంటే అత్తయ్య ఒప్పుకోలేదు. ఆ పేరు దానిది, దీనికి వేరే పెట్టుకోండి అంది. కొట్లాడుకుందామని వచ్చిన వాళ్ళకి ఇక జెండాలు మిగల్లేదు. గుంటూరు వాళ్ళ జెండా అత్తయ్య చేతిలో, ఒంగోలు వాళ్ళ జెండా నా చేతిలో ఉన్నాయి మరి. కూడిక విడిపోలేదు.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో కూడిక జరిగినప్పుడల్లా గుడ్డ పరిచే ముందు అత్తయ్య ఆ పేరు రాయించుకునేది. ఆవిడ ఒంగోలు వెళ్ళాక నేనే రాస్తున్నాను. మెల్లగా మిగతావాళ్ళూ మొదలుపెట్టారు. సి.ఎస్.ఐ. అంకుల్ తమ్ముడి పేరు రాశారు. నెల్లూరు ఆంటీ వాళ్ళ నాన్న పేరు రాసింది. ఒకాయనకి అనుమానం వచ్చింది, పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేయడం మన ప్రొటెస్టెంట్లలో లేదు కదా మాస్టారూ అని. "లేదు. దాన్ని మన పెద్దబ్బాయి కాలంలోనే తీసేశారు. సుద్దతో రాయకూడదని మాత్రం ఎవరూ అనలేదు" అన్నారు మాస్టారు. అడిగినాయన కాసేపు బుర్ర గోక్కుని, తర్వాత వాళ్ళమ్మ పేరు రాశాడు.

ఇది పదిహేనోదా అన్నది మా అందరికీ ఊతపదం అయిపోయింది. బిర్యానీలో కొబ్బరిపాలు పోయాలా వద్దా, పాట శ్రుతి ఎవరు ఎత్తుకోవాలి, క్రిస్మస్ ప్రోగ్రామ్‌లో ఎవరి పిల్ల దేవదూత, ఏ గొడవైనా మాస్టారు తల ఎత్తి అదే అడిగేవారు. చాలావరకు మూడోదో నాలుగోదో అయ్యేది. మా పిల్ల నాలుగేళ్ళప్పుడు తన అమెరికా యాసలో, "తాతా, నేను ఫిఫ్టీన్తా?" అని అడిగింది. నువ్వు మొదటిదానివే అని దాన్ని బల్ల మీదికెత్తి కూర్చోబెట్టుకున్నారు. దానికి అక్షరాలు నేర్పింది కూడా ఆ బల్ల మీదే. చేయి పట్టుకుని దిద్దించేవారు. దానికి ఈనాటికీ కాగితం మీద తెలుగు రాదు, బల్ల మీదైతే వస్తుంది.

శనివారం సమాధి కార్యక్రమం జరిగింది. చుట్టుపక్కల చర్చీల నుంచి ముగ్గురు పాస్టర్లు వచ్చారు. మాస్టారు తమ చర్చికే వస్తారని ముగ్గురూ అనుకునేవారట. ముందు మీరు, కాదు మీరు అని ఒకరినొకరు మర్యాద చేసుకుంటుంటే, ఇది పదిహేనోది కాదులెండి అని వెనకనుంచి ఎవరో తెలుగులో అన్నారు. మా వాళ్ళంతా తలలు వంచుకుని నవ్వారు. కాఫీ మెథడిస్టులు పంపారు.

అందరూ భోజనానికి మా ఇంటికే వస్తామన్నారు. ఆ పొద్దున ఒంగోలుకి ఫోన్ చేసి అత్తయ్యకి చెప్పాను. ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది.

"గుడ్డ పరిచే ముందు అన్నయ్యగారి పేరు కూడా రాయమ్మా. సలోమి పక్కన రాయి. అది చిన్నపిల్ల గదా, తోడుంటారు" అంది.

ఆయన ఇచ్చిన సుద్దముక్క వంటింటి సొరుగులో ఉంది. ముందు సలోమి అని రాశాను. పక్కన ఆయన పేరు రాద్దామని ఆగిపోయాను. చర్చిలో చదివిన ఆ పూర్తి పేరు నాకు ఎవరో తెలియని పెద్దమనిషిదిలా అనిపించింది. మాస్టారు అని రాశాను. గుడ్డ రెండో కొస మా పిల్ల పట్టుకుంది. ఇద్దరం పరిచాం. వచ్చినవాళ్ళు ఎప్పటిలాగే తలా ఒక ప్లేటు పట్టుకుని, ఉప్పు తక్కువైందని ఎవరూ అనకుండానే అందరూ ఉప్పు అడిగి వేసుకున్నారు.

ఇవాళ పొద్దున ఉతకడానికి గుడ్డ తీశాను. సుద్ద అంతా దాని అడుగుకి అంటుకుని ఉంది, అక్షరాలు కుడి ఎడమైపోయి. మెషిన్‌లో వేసేదాన్నే. మా పిల్ల నా చేతిలోంచి లాక్కుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. బయట మంచు మీద ఎండ బాగా కాస్తోంది. ఆ వెలుగులో గుడ్డ పై వైపు నుంచి చూస్తే అక్షరాలు సరిగ్గా తిరిగి, నీడల్లాగా కనిపించాయి. పిల్ల తల వెనక్కి వంచి, మాస్టారు నేర్పినట్టు ఒక్కో అక్షరం దగ్గరా ఆగుతూ, గట్టిగా చదువుకుంటోంది. స, లో, మి. మా, స్టా, రు.